గృహవిజ్ఞానము: దూరదేశపు బిడ్డతో మాట



ఈ మాసమున నేను వ్రాయదలచినది వంటను గూర్చి గాదు, కుట్టుపనిని గూర్చియు గాదు. ప్రతి యింటను తాళపుచెవుల గుత్తివలె మన వెంట తిరుగుచున్న సెల్‌ఫోనును గూర్చి. అందు ఇంటర్నెట్టు ద్వారా దూరదేశములందున్న మనవారితో మాటలాడు పద్ధతిని గూర్చి. "అది మా పిల్లలకు తెలియును, మాకెందులకు?" అని కొందరనవచ్చును. మాకెందులకు అను ఆ మాటయే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

హుజూర్‌నగరులో మా వీధి చివర ఒక పెద్దావిడ యున్నది. వయస్సు అరువది దాటినది. కుమారుడు, కోడలు, మనుమడు ఆమెతోనే యుందురు. ఒక్కగానొక్క కూతురు పెండ్లియై అమెరికాలోని డల్లాసు నగరమున కాపురము చేయుచున్నది. ప్రతి ఆదివారము రాత్రి తొమ్మిది గంటలకు మనుమడు ఫోను కలుపును. ఇంటివారందరును మంచము చుట్టు చేరుదురు. స్పీకరు పెట్టుదురు. "బాగున్నవా బిడ్డా?" "బాగున్ననమ్మా." "తిన్నవా?" "తిన్ననమ్మా." పిదప అన్నగారు నాట్ల సంగతి చెప్పును, వదినె పెండ్లిపేరంటముల సంగతి చెప్పును, పిల్లవాడు తన మార్కులు చెప్పును. అందరును చేతులూపుదురు. పిలుపు ముగియును. ఏడాదిన్నర కాలము ఇట్లే గడచినది.

ఒకనాటి మధ్యాహ్నము ఒకటిన్నర వేళ ఆమె ఫోను చేతబట్టుకొని మా గడప యెక్కినది. "ఇంట్ల ఎవ్వరు లేరు బిడ్డా. ఇది రెండుసార్లు మోగింది. మా అమ్మాయి బొమ్మ పడ్డది. నేను ఒత్తిన, ఆగిపోయింది" అన్నది. ఆమె చేతులు వణకుచుండెను. నేను గడియారము చూచితిని. అచ్చట అప్పుడు తెల్లవారుజాము మూడు గంటలు. ఆ వేళ ఆడపిల్ల తల్లికి ఫోను చేసినదనగా ఊరక చేసియుండదు గదా! వెంటనే పిలుపు కలిపి, స్పీకరు తీసివేసి, ఫోను ఆమె చెవికానించి, నేను వంటయింటిలోనికి పోయితిని.

అరగంట గడచిన పిమ్మట ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొనుచు వచ్చినది. "మాఘమాసంల దానికి కడుపు పోయిందట. ఇన్నాళ్ళు చెప్పలే. అందరి ముంగట ఎట్ల చెప్తనమ్మా అన్నది" అని కూలబడినది.

ఈ సంగతి ఆమె అనుమతితోనే, ఆమె పేరు చెప్పక వ్రాయుచున్నాను. ఇందు నేరస్థులెవరును లేరు. అన్నగారు ప్రేమగలవాడే, వదినెయు మంచిదే. ఫోనుకు లోపము లేదు, డేటాకు కొదువ లేదు. లోపమెల్ల ఒక్కటియే: తల్లికి తన చేతితో కూతురిని పిలుచుట రాదు. పిలుచుట రానందున చెవికి మాట దక్కెను గాని, మనస్సునకు మాట దక్కలేదు. ఇది మా వీధి కథ మాత్రమే కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో తామే వాడుకొను సెల్‌ఫోను గలవారు నూటికి 54 మంది మాత్రమే. ఇంటర్నెట్టును ఒక్కసారియైన వాడినవారు పురుషులలో నూటికి 57 మంది కాగా, స్త్రీలలో 33 మంది. ఇక ఏబదియు అరువదియు దాటిన తల్లుల మాట చెప్పనేల?

పూర్వపు మాట

మన కాలముననే ఈ మార్పంతయు జరిగినది. అమెరికా పోయిన బిడ్డ ఉత్తరము చేరుటకు పది పదునైదు దినములు పట్టుచుండెను. పిదప మన బజారులలో ఎస్‌టీడీ బూతులు వెలసెను. రాత్రి 11 గంటలు దాటిన పిదప దేశములోని దూరపు పిలుపులకు పావువంతు రుసుమే గనుక, ఆ వేళకు జనము బూతు ముందు వరుస కట్టుచుండిరి. విదేశపు పిలుపైనచో నిమిషమునకు పదులకొలది రూపాయలు. అద్దపు గదిలో నిలుచుండి, ఎదుట ఎఱ్ఱని అంకెలు పరుగెత్తుచుండగా మాటలాడినవారికి తెలియును ఆ బాధ. దృష్టి మీటరు మీదను, మాట నోటిలోనే.

1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలో సుఖ్‌రాంగారితో మాటలాడుటతో మన దేశమున సెల్‌ఫోను పిలుపు ఆరంభమైనది. ఆ సంవత్సరము ఆగస్టు 15న ఇంటర్నెట్టు సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. ఆ ఏడే ఇజ్రాయిలు దేశమునందలి వోకల్‌టెక్ అను సంస్థ, కంప్యూటరునుండి కంప్యూటరునకు ఇంటర్నెట్టు మీదుగా మాటలాడు సాధనమును అమ్మకమునకు పెట్టినది. మన ప్రభుత్వము ఇంటర్నెట్టు టెలిఫోనీని 2002 ఏప్రిల్ 1నుండి అనుమతించినది. 2003లో వచ్చిన స్కైపు అనేక సంవత్సరములు విదేశములందలి తెలుగు కుటుంబములను కలిపి, 2025 మేలో మూతపడినది. 2009లో పుట్టిన వాట్సాప్‌లో 2015లో గొంతు పిలుపులు, 2016 నవంబరులో వీడియో పిలుపులు వచ్చినవి. ఆ 2016 సెప్టెంబరు 5ననే జియో సేవలు ఆరంభమై, దేశమంతట డేటా వెల పడిపోయినది. నాటితో హుజూర్‌నగరుకును డల్లాసుకును నడుమ మీటరు తొలగిపోయినది.

మాట ఎట్లు పోవును?

ఇది తెలిసినచో ఫోనును చూచి భయపడుట సగము తగ్గును. మిర్యాలగూడ మిల్లులకు మన ధాన్యము పోవుట మీకందరకును తెలిసినదే. కళ్లమునందలి రాశిని రాశిగానే యెత్తుకొని పోలేము గదా, బస్తాలకెత్తి పంపుదుము. మన మాటయును అట్లే. ఫోను మన గొంతును అంకెలుగా మార్చి, చిన్న చిన్న బస్తాలుగా కట్టును. ఒక్కొక్క బస్తాలో సాధారణముగా సెకనులో ఏబదవ వంతు మాట యుండును. అనగా "అమ్మా" అని పిలుచు లోపల పది యిరువది బస్తాలు బయలుదేరును. ప్రతి దానిపై వరుస సంఖ్య యుండును. అన్నియు ఒక్క త్రోవనే పోవలెనను నియమము లేదు. అవతలి ఫోను వానిని సంఖ్యవరుసన పేర్చి మరల గొంతుగా చేసి వినిపించును. ఆలస్యముగా వచ్చిన బస్తాకొరకు కాచుకొని కూర్చుండదు, దానిని విడిచివేయును. మాట నడుమ ముక్కలు పోయినట్లు వినబడుటకు కారణమిదియే. బిడ్డ విసుగుకొని ఊరకున్నదని మనము నొచ్చుకొనరాదు.

ఈ బస్తాలు ఆకాశమున ఉపగ్రహముల మీదుగా పోవునని చాలమంది తలంతురు. అది పొరపాటు. ఫోనునుండి టవరు వరకే గాలిలో ప్రయాణము. అచ్చటనుండి భూమిలోని గాజుతీగల వెంట ముంబయి, చెన్నై వంటి రేవులకు చేరి, సముద్రము అడుగున వేసిన కేబులులలో వెలుగు రూపమున పోవును. గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. ఐనను డల్లాసు వంటి దూరపు ఊరికి చేరుటకు కొంత కాలము పట్టక తప్పదు. 2025 సెప్టెంబరులో ఎఱ్ఱసముద్రమున కొన్ని కేబులులు తెగినప్పుడు మన దేశమునందును ఇంటర్నెట్టు కొంత మందగించినది.

కనుక ఒక మర్యాద నేర్చుకొనవలెను. మనమొక వాక్యము చెప్పి ఆగవలెను. అవతలివారు బదులు చెప్పువరకు ఓర్చుకొనవలెను. ఇద్దరును ఒక్కసారి మాటలాడినచో ఇద్దరికిని వినబడదు. స్పీకరు పెట్టినచో అవతలివారికి తమ మాటయే తిరిగి వినబడవచ్చును. ఫోను చెవికానించి మాటలాడుట అన్ని విధముల మేలు.

మీ చేతితో మీరే పిలువుడు

మొదట బిడ్డ నంబరు సరిగా వ్రాసియుండవలెను. విదేశపు నంబరునకు ముందు కూడిక గుర్తును, ఆ దేశపు సంఖ్యను చేర్చవలెను: అమెరికాకు 1, ఇంగ్లండుకు 44, దుబాయి మొదలగు ఎమిరేట్లకు 971, సౌదీ అరేబియాకు 966. ఇది ఒక్కసారి చేసినచో చాలును. ఈ నంబర్లను గోడ క్యాలెండరు వెనుక కూడ వ్రాసి యుంచుడు. ఫోను పోయినను నంబరు పోరాదు.

తరువాత వాట్సాపును తెలుగు భాషలోనికి మార్చించుకొనుడు. ఆ సదుపాయము కలదు. బిడ్డ పేరు తాకినచో పైభాగమున రెండు గుర్తులు కనబడును. టెలిఫోను గొట్టము బొమ్మ గలది గొంతు పిలుపు. కెమెరా బొమ్మ గలది వీడియో పిలుపు. పెక్కు ఫోనులలో బిడ్డ బొమ్మను ముందు తెరమీదనే నిలుపుకొనవచ్చును. అప్పుడు వెదకుకొను పని లేదు.

పిలుపు వచ్చినప్పుడు తొందరపడి ఒత్తరాదు. మా పెద్దావిడ చేసిన పొరపాటు అదియే. ఆమె ఎఱ్ఱగుర్తును తాకినది. పచ్చగుర్తు పుచ్చుకొనుటకు, ఎఱ్ఱగుర్తు మానుటకు. తెర మూసియున్నప్పుడు అనేక ఫోనులలో గుర్తును ఒత్తుట చాలదు. వ్రేలు ఆనించి పైకి జరుపవలెను. ఇంటిలోని వారిని ప్రక్కగదిలో కూర్చుండబెట్టి, వారిచేత పదిసార్లు పిలిపించుకొని, పదిసార్లు పుచ్చుకొని చూడుడు. దోసె తిప్పుట నేర్చినంత కాలము కూడ పట్టదు.

వేళ తెలిసియుండుట ముఖ్యము. డల్లాసు మనకంటె శీతకాలమున పదకొండున్నర గంటలు, తక్కిన కాలమున పదిన్నర గంటలు వెనుక. అచ్చటివారు మార్చిలో రెండవ ఆదివారమున గడియారమును గంట ముందునకు, నవంబరు మొదటి ఆదివారమున గంట వెనుకకు త్రిప్పుదురు. దుబాయి ఎల్లకాలము గంటన్నర వెనుక; సౌదీ, కువాయిటు, ఖతారు రెండున్నర గంటలు వెనుక. వేళ కుదరనప్పుడు మైకు గుర్తును ఒత్తిపట్టి మాట చెప్పి పంపుడు. బిడ్డ నిద్ర లేచినప్పుడు విని బదులు చెప్పుకొనును.

గల్ఫు దేశములలో బిడ్డలున్న తల్లులకొక మాట. దుబాయి మొదలగు ఎమిరేట్లలో వాట్సాప్ పిలుపులు సాగవు. బోటిం వంటి, అచ్చటి ప్రభుత్వము అనుమతించిన యాపులలోనే మాటలాడవలెను. పిలుపు కలియలేదని దిగులుపడక, బిడ్డ వాడు యాపునే మీరును పెట్టించుకొనుడు.

ఖర్చు

ఈ పిలుపు ఉచితమందురు. పూర్తిగా ఉచితము కాదు. మనము కొన్న డేటాలోనుండియే పోవును. గొంతు పిలుపునకు నిమిషమునకు సుమారు అర మెగాబైటు. గంటసేపు మాటలాడినను 30 మెగాబైట్లు. దినమునకు ఒకటిన్నర జీబీ గల ప్యాకులో అది ఏబదవ వంతు మాత్రమే. వీడియో పిలుపునకు దీనికి పలురెట్లు కావలెను. సిగ్నలు బలహీనముగా నున్నచోట వీడియో మాని గొంతుతో మాటలాడినచో తెంపు లేక సాగును. మరియొక మేలు కలదు: ముఖము చూపవలసినప్పుడు బిడ్డ నవ్వు తెచ్చిపెట్టుకొనును, గొంతు మాత్రమే యున్నప్పుడు ఏడువగలదు.

స్లాబు వేసిన లోపలి గదులలో సిగ్నలు తగ్గును. కిటికీ దగ్గరకో డాబామీదకో పోవుడు. ఇంట వైఫై యున్నచో, ఆ అరగంట పిల్లల సినిమా ఆపించుటలో తప్పు లేదు.

జాగ్రత్తలు

ఈ పిలుపు అన్నిటికిని చాలునని భ్రమపడరాదు. ప్రమాదము, రోగము, దొంగల భయము కలిగినప్పుడు వాట్సాపులో 112 గాని 108 గాని పిలువలేము. దానికి మామూలు ఫోను పిలుపే కావలెను. కనుక డేటా యున్నది గదా యని మామూలు పిలుపుల గడువు తీరిపోనీయరాదు.

అపరిచితుల పిలుపులు ఈ త్రోవనే వచ్చును. పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి, "నీ కుమారుడు కేసులో చిక్కినాడు, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఎవరికిని చెప్పకుము" అని బెదరించి సొమ్ము గుంజు మోసగాండ్రున్నారు. మన చట్టమున డిజిటల్ అరెస్టు అనునది లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రియే రేడియోలో ఈ మాట చెప్పి ప్రజలను హెచ్చరించినారు. అట్టి పిలుపును వెంటనే తెంపి ఇంటివారికి చెప్పుడు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయుడు. సందేశమున వచ్చిన ఆరంకెల సంఖ్యను అడిగినవారికెవరికిని చెప్పరాదు. దానితో మీ వాట్సాపునే దొంగిలింతురు. అపరిచితుల పిలుపులు మోగకుండ చేయు ఏర్పాటు 2023నుండి అందులోనే కలదు; దానిని పెట్టించుకొనుడు.

నేడు యంత్రముచేత మనవారి గొంతును అనుకరింపవచ్చును. బిడ్డ గొంతుతో ఎవరైన కొత్త నంబరునుండి సొమ్మడిగినచో, ఆ పిలుపు ముగించి, మీ యొద్దనున్న బిడ్డ నంబరునకు మీరే పిలిచి చూడుడు. మీ చేతితో పిలుచుట వచ్చినవారికే ఈ రక్షణ దక్కును. తల్లియు బిడ్డయు తమకు మాత్రమే తెలిసిన గుర్తుమాట యొకటి పెట్టుకొనుట మరియు మంచిది.

ఇంటివారికొక మనవి

వాట్సాపులో మన మాటలకు 2016 ఏప్రిలునుండి సంపూర్ణమైన తాళము వేయబడినది. మాటలాడు ఇద్దరి ఫోనులకు తప్ప, నడుమ మోయువారికి ఆ మాట తెలియదు. సముద్రములు దాటునప్పుడు అంత భద్రముగా పోవు మాట, మన యింటి నడవలో స్పీకరు పెట్టుటచేత పదిమంది నోట పడుచున్నది. అమ్మగారి యెడ ప్రేమ చూపవలెనన్నచో, కుమారులారా, కోడండ్రారా, ఫోను కలిపియిచ్చుట చాలదు. కలుపుట నేర్పవలెను, నేర్పి ప్రక్కకు తొలగవలెను. పది మార్లు అడిగినను పదకొండవ మారు చిరునవ్వుతో చెప్పుడు. మీకు నడక నేర్పినప్పుడు ఆమె లెక్క పెట్టలేదు.

మా పెద్దావిడ తొమ్మిది దినములలో నేర్చినది. మొదటి దినమున పొరపాటున తన వియ్యపురాలిని పిలిచి, కుశలమడిగి, నవ్వుకొని ముగించినది. ఇప్పుడు మంగళ గురువారములలో సాయంకాలము ఏడున్నరకు, అచ్చట ఉదయము తొమ్మిదికి, అల్లుడు పనికి పోయిన వేళ చూచి, ఫోను తీసికొని డాబామీదకు పోవును. నవంబరులో అది ఎనిమిదిన్నర యగునని ఆమెయే నాకు గుర్తుచేసినది. పైన ఏమి మాటలాడుదురో నేనడుగలేదు. ఇంటివారును అడుగుట మానిరి.

ఈ మాసమున మీరు చేయవలసిన పని యొకటియే. మీకు తెలిసినచో మీ వీధిలో తెలియని ఒక తల్లికి నేర్పుడు. తెలియనిచో నేడే, వంట ముగిసిన వెంటనే, మీ యింటి పిల్లలనడిగి నేర్చుకొనుడు.